ఆటోలో పట్టే ఉయ్యాల

చిక్కడపల్లి,
4 జులై 2011

బావగారు జోగారావు గారికి, కిషన్ రావు నమస్కారాలు.

ఇంట్లో ఫోన్ పెట్టుకుని వియ్యంకుడు ఉత్తరం రాశాడేమిటని మీరు నవ్వుకోవచ్చు. మొన్న ఆదివారం ఫోన్లో ఏం జరిగిందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మనిద్దరం మాట్లాడితే రెండో మాటకే గొంతులు లేస్తున్నాయి. ఆఖరుకు ఎవరు ముందు ఫోన్ పెట్టేశారో కూడా తేలలేదు. కాగితానికి గొంతు లేదు కాబట్టి ఇక నుంచి ఏ మాటైనా రాసుకుందాం.

మీరన్న మాట నేను మరచిపోలేదు. "మీ ఇంట్లో ఒక ఉయ్యాల వేసే చోటు కూడా లేదు, పిల్లాణ్ణి ఏ ముఖం పెట్టుకుని పంపమంటారు" అన్నారు. కోడలు సుహాసిని, మనవడు అనుదీప్ మార్చిలో మీ నరసాపురం వచ్చారు. బాబుకు ఆయాసం తగ్గగానే వస్తామన్నారు. ఇప్పుడు ఆయాసం పోయి ఉయ్యాల వచ్చింది. మీరు అల్లిన వల ఉయ్యాలలో అయితేనే వాడు నిద్రపోతున్నాడని, మంచం మీద వెల్లకిలా పడుకోబెడితే దగ్గుకుంటూ లేస్తున్నాడని మా అబ్బాయి అభిజిత్ చెప్పాడు.

మా హాల్లో కొక్కెం లేని మాట నిజమే. పాత స్లాబు, సుత్తి తగిలితే పెచ్చులు రాలుతాయి. మీకున్నట్టు స్తంభాల వసారా మాకు లేదు. కానీ కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరుగా చేసినవాణ్ణి. స్తంభాలు లేనిచోట స్తంభాలు నిలబెట్టడమే నా ఉద్యోగం. నేల మీద తనంత తాను నిలబడే స్టాండు నేనే చేస్తాను. వల పొడుగు ఎంతో, బాబు బరువు ఎంతో రాయండి. వీలైతే వల కూడా పంపండి.

చెల్లెలు సుబ్బలక్ష్మి గారికి మా రాజకుమారి నమస్కారాలు చెప్పమంది.

ఇట్లు,
కిషన్ రావు

*

నరసాపురం,
12 జులై 2011

మహారాజశ్రీ బావగారికి జోగారావు నమస్కరించి వ్రాయునది.

మీ ఉత్తరం అందింది. పోస్ట్‌మాన్ కూడా ఆశ్చర్యపోయాడు. కరెంటు బిల్లు, పెళ్ళి శుభలేఖ తప్ప మా గుమ్మంలోకి ఇంకేమీ తెచ్చి ఎరగడు. నిజం చెప్పొద్దూ, మీ ఉత్తరం నాకూ బాగానే ఉంది. నేను సగం చదివి పక్కన పెట్టి, కాఫీ తాగి, కోపం తగ్గాక మిగతా సగం చదివాను. ఫోన్లో ఆ సౌకర్యం లేదు.

వల పొడుగు ఏడడుగులు. కొసల తాళ్ళు కలుపుకుంటే తొమ్మిది. బాబు పధ్నాలుగు కిలోలు. వల మటుకు పంపను. నూలు తాడు తెచ్చి నా చేత్తో అల్లాను. వాడు ఎక్కడుంటే అదీ అక్కడే.

బావగారూ, కోపం తెచ్చుకోకపోతే ఒక మాట. మా అమ్మాయి ఉయ్యాల కోసం ఆగలేదు. మీ రెండు గదుల ఇంట్లో అది, మీ అబ్బాయి, పిల్లాడు హాల్లో పడుకుంటారు. మీరు వార్తలు కట్టేస్తే గానీ వాళ్ళకు నిద్ర లేదు. నారాయణగూడ బడిలో పాఠాలు చెప్పి వచ్చి, పక్క వేసుకోవడానికి వార్తలు అయ్యేదాకా కూర్చోవాలి. దగ్గర్లో ఎక్కడైనా విడిగా ఉంటామని రెండుసార్లు అడిగిందట. మీరేమన్నారో కూడా చెప్పింది. "వేరు కాపురం పెడితే ఆ ఇంటి గడప తొక్కను" అని భోజనాల దగ్గర అందరూ వినేలా అన్నారట. ఆ మాట మీరు వెనక్కు తీసుకోనిదే ఇనుప స్తంభాలు ఎన్ని నిలబెట్టినా ఏం లాభం?

మా సుబ్బలక్ష్మి అక్కయ్యగారిని అడిగానని చెప్పమంది. 

మీ
జోగారావు

*

చిక్కడపల్లి,
30 జులై 2011

బావగారికి నమస్కారాలు.

అన్న మాట వెనక్కు తీసుకునే అలవాటు మా ఇంట్లో లేదు. ఆ విషయం అక్కడికి వదిలేయండి.

స్టాండు సంగతి రాస్తున్నాను. దోమలగూడలో వెల్డింగ్ షాపు పీరయ్య నాకు పాత పరిచయం. బొమ్మ గీసి చూపించాను. పైన అడ్డంగా ఒక పైపు. ఆ పైపు రెండు కొసల కింద చెరో జత కాళ్ళు, కత్తెరలా విచ్చుకుని ఉంటాయి. వల పైపుకు వేలాడుతుంది. "అన్నిటినీ వెల్డింగ్ కొట్టిస్త సార్, పదేండ్లు కదలది" అన్నాడు పీరయ్య. వద్దన్నాను. ఎక్కడా వెల్డింగ్‌తో అతకవద్దు, అన్నీ చేత్తో తిప్పే నట్లే ఉండాలి, అడ్డం పైపు కూడా రెండు ముక్కలై ఒకదాంట్లో ఒకటి దూరాలి అని చెప్పాను. "గట్లెందుకు సార్, ఇంట్ల పెట్టుకునేదే గద" అని వాడు ఒకటే పరేషాన్. వాడికేం చెబుతాను?

మొత్తం విప్పితే కట్టెల మోపంత అవుతుంది. ఆటోలో పడుతుంది. ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోవచ్చు. అది ముఖ్యం. ఈ మాట కోడలికి కూడా చెప్పండి.

ప్రస్తుతం పాత దుప్పటి కట్టి ఊపి చూస్తున్నాను. కిర్రుమంటోంది. నూనె వేయాలి.

ఇట్లు,
కిషన్ రావు

*

నరసాపురం,
9 ఆగస్టు 2011

బావగారికి,

మీ ఉత్తరం భోజనాల దగ్గర పైకి చదివాను. అది నా పొరపాటే. "ఎక్కడికంటే అక్కడికి ఎత్తుకుపోవచ్చు, అది ముఖ్యం, కోడలికి కూడా చెప్పండి" అన్నచోట మా అమ్మాయి చెయ్యి కడిగేసుకుని లేచిపోయింది. ఆ పూట ఇక అన్నం తినలేదు.

ఏమైందే అని వాళ్ళమ్మ అడిగితే చెప్పింది. "వాళ్ళు నిర్ణయించేసుకున్నారమ్మా. బాబు కొన్నాళ్ళు అక్కడ, కొన్నాళ్ళు ఇక్కడ. వాడితో పాటు ఉయ్యాల కూడా ఆటోలో, రైల్లో తిరుగుతుంది. ఇల్లు ఒకటే అయితే విప్పే ఉయ్యాల ఎవరైనా చేస్తారా?" అంది. నేను సర్దిచెబుదామనుకున్నాను. మీ ఉత్తరం మళ్ళీ తీసి చూశాను. మీ పీరయ్య కూడా అదే అడిగాడని మీరే రాశారు, వాడికీ జవాబు చెప్పలేదు మీరు.

విడాకుల మాట మా ఇంట్లో ఇంతవరకు ఎవరి నోటా రాలేదు. మీ ఇనుప పైపుల్లోంచి వచ్చింది.

ఇంకోటి. తండ్రి ఖాళీ ఉయ్యాల ఊపుతున్నాడని మీ అబ్బాయి ఫోన్లో చెప్పాడు. ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మీ వైపు లేదా? సుబ్బలక్ష్మి ఆ రాత్రే బాబుకు దిష్టి తీసింది, గుడిలో దీపం మొక్కుకుంది. వాడికి ఇప్పుడిప్పుడే గుండె నెమ్మదించింది బావగారూ. మీకు ఇనుమే కానీ పిల్లాడు కనిపించడం లేదు.

దసరా సెలవుల తర్వాత బాబును ఇక్కడి నర్సరీ బళ్ళో వేస్తానంటోంది అమ్మాయి. నేను వద్దనలేదు.

జోగారావు

ఎంత కోపమున్నా చెప్పకపోతే నిద్రపట్టదు. కత్తెర కాళ్ళు నున్నటి నేల మీద విచ్చుకుపోతాయి. మా దగ్గర వలలు ఆరేసే కర్రలకు కింద కాలికీ కాలికీ మధ్య తాడు కడతారు. మీరూ కట్టండి.

*

చిక్కడపల్లి,
20 ఆగస్టు 2011

జోగారావు గారికి,

ఖాళీ ఉయ్యాల నేను ఊపలేదు. మొదట బియ్యం బస్తా వేశాను. ఖాళీది ఊపవద్దని మా అమ్మ కూడా చెప్పేది. మా వైపు లేనివన్నీ మీ వైపే ఉన్నట్టు రాయకండి.

విడాకుల మాట నా ఉత్తరంలో ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. నేను రాయని మాట చదివి, దానికి అన్నం మానేసి, ఆ తప్పు నా మీద వేయడం బాగాలేదు. నా కొడుకును అడిగితే పళ్ళెం ముందు తల వంచుకుని కూర్చుంటాడు. ఆఫీసు నుంచి వచ్చి, బాబు చెప్పులు గుమ్మం దగ్గర ఉంటే వాటిని సర్ది పెట్టి, మళ్ళీ కూర్చుంటాడు. 

విప్పే ఉయ్యాల ఎందుకో నాకో లెక్క ఉంది. పని పూర్తయ్యాక చెబుతాను. అంతవరకు బాబును అక్కడ బళ్ళో వేయవద్దు. ఇది తాతగా చెబుతున్నాను.

కాళ్ళకు తాడు కట్టవలసిన అవసరం లేదు. అది కర్రలకు. ఇది ఇనుము. రేపు నేనే పడుకుని చూస్తాను. నన్ను మోస్తే బాబును మోయదా?

కిషన్ రావు

*

చిక్కడపల్లి,
15 సెప్టెంబరు 2011

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం. స్టాండు పని కొద్దిగా ఆగింది. త్వరలో అవుతుంది. దయచేసి వల పంపగలరు. బాబును అక్కడ బళ్ళో వేయవద్దని మరోసారి మనవి.

ఇట్లు,
కిషన్ రావు

*

నరసాపురం,
2 అక్టోబరు 2011

కిషన్ రావు గారికి,

మీ ఊళ్ళో సమ్మె వల్ల ఉత్తరం చేరడానికి ఇన్నాళ్ళు పట్టింది. చేరకపోయినా బాగుండేది.

మీ చేతిరాత నాకు తెలుసు. గీతలు గీసినట్టు నిలువుగా ఉంటుంది. ఈ ఉత్తరం మీరు రాయలేదు. గుండ్రటి అక్షరాలు, కింద సంతకం కూడా వేరే చేతిదే. మొదట్లో మనిద్దరం రాసుకుందామన్నది మీరే. ఇప్పుడు మాకు రాయడానికి కూడా మనుషుల్ని పెట్టారన్నమాట. ఐదు వాక్యాలు, అందులో ఒక మనవి. మార్కెట్ యార్డులో గుమస్తాగా పనిచేసినప్పుడు నాకు ఇలాంటివి రోజూ వచ్చేవి.

ఉత్తరం అమ్మాయి చేతికే ఇచ్చాను, చదివింది. తిరగేసి వెనక కూడా చూసింది, ఇంకేమైనా ఉందేమోనని. తర్వాత "నాన్నా, భీమవరంలో ఎవరో వకీలు తెలుసన్నారు కదా" అంది. నేను కదల్లేదు. మర్నాడు మళ్ళీ అడిగింది. వచ్చే నెల మొదట్లో తీసుకువెళ్తానని మాటిచ్చాను. మీరు మాట వెనక్కు తీసుకోరు కదా. నేనూ తీసుకోను.

మీ లెక్క ఏమిటో ఇంకా చెప్పదలుచుకుంటే ఈలోగా చెప్పండి. మీ చేత్తో రాయండి.

జోగారావు

*

చిక్కడపల్లి,
14 అక్టోబరు 2011

బావగారూ,

ఈ వంకర అక్షరాలు నావే. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఒక్కో అక్షరం దగ్గర ఆగి రాయవలసి వస్తోంది. ఓపికతో చదవండి.

స్టాండులో నేను పడుకుని చూస్తానని రాశాను కదా. అది సమ్మె మొదలైన రోజుకు గానీ కుదరలేదు. పడుకున్నాను. రెండు ఊపులు బాగానే ఊగింది. మూడో ఊపుకు కాళ్ళు నున్నటి షాబాదు బండల మీద విచ్చుకుపోయాయి. మొత్తం నేలకు వచ్చింది, నా కుడి మణికట్టు విరిగింది. కట్టు వేశారు. మీరు తాడు కట్టమన్నారు, నేను కట్టలేదు. ఆ సంగతి మీకు తెలియకూడదని రాజకుమారి చేత ఉత్తరం రాయించాను. ఆ గుండ్రటి అక్షరాలు మీ అక్కయ్యవి, పరాయివి కావు. "ఇరిగిందని రాయరాదుండి, ఏమైతది" అని ఆమె అడిగింది. నేనే వద్దన్నాను. సమ్మెలో ఆటోలు దొరకక అభిజిత్ నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. చాలా రోజుల తర్వాత దారిలో వాడు నాతో మాట్లాడాడు. "నాన్నా, ఆ తొట్టెల పని బందు పెట్టు, వాళ్ళు రారు" అన్నాడు.

ఇప్పుడు నా లెక్క చెబుతాను.

అశోక్ నగర్‌లో మా ఇంటికి నడిచి పోయేంత దూరంలో ఒక పోర్షన్ ఉంది. రెండు గదులు, వంటిల్లు, ముందర చిన్న వరండా. ఇంటి ఓనరు నా దోస్తు. జూన్‌లోనే మాట్లాడి పెట్టాను. దాని గోడలకు మేకు కొట్టనివ్వడు, సీలింగుకు కొక్కెం ఒప్పుకోడు. అది కిరాయి ఇల్లు, రేపు ఇంకో ఇంటికి మారవచ్చు. మరి బాబు ఎందులో పడుకోవాలి? అందుకని విప్పేది చేయించాను. వాళ్ళు ఏ ఇంటికి పోతే ఆ ఇంటికి ఆటోలో పోతుంది. మా ఇంట్లోనే పెట్టేది అయితే పీరయ్య చెప్పినట్టు వెల్డింగ్ కొట్టించేవాణ్ణి.

ముందే ఎందుకు చెప్పలేదంటారు. నలుగురి ముందు అన్న మాట ఉంది. వేరు కాపురం పెట్టుకోండని నా నోటితో చెప్పలేను. స్టాండు చేసి ఇస్తే, అది విప్పేదని చూసి వాళ్ళకే అర్థమవుతుందనుకున్నాను. నా కోడలికి తెలివి ఉంది, ఇట్టే పట్టేస్తుందనుకుని ఆమెకు చెప్పమని రాశాను. ఆమె ఇంకోలా పట్టుకుంది. ఆమె తప్పు లేదు, సగమే రాసింది నేను.

అభిజిత్‌కు నిన్న చెప్పాను. వాడు లేచి స్నానాల గదిలోకి పోయి చాలాసేపు నల్లా విప్పి ఉంచాడు.

ఆ ఇంట్లో నేను అడుగు పెట్టను. అన్నాను కాబట్టి పెట్టను. ఆ ఒక్కటి నన్ను అడగవద్దు. మిగిలినదంతా మీ అమ్మాయి ఇష్టం. వకీలు దగ్గరికి పోయే ముందు ఈ ఉత్తరం ఆమెకు చూపించండి.

కాళ్ళ మధ్య గొలుసు వేయించాను. తాడే మంచిదంటే మారుస్తాను.

మీ
కిషన్ రావు

*

నరసాపురం,
24 అక్టోబరు 2011

ప్రియమైన బావగారికి,

చెయ్యి ఎలా ఉంది? కట్టు ఎప్పుడు విప్పుతారు? నొప్పి దాచకుండా రాయండి. నేను ఎగతాళి చేస్తానని భయపడ్డారు. చేసేవాణ్ణే, ఆ మాట అబద్ధం చెప్పను. కానీ ఆ వంకర అక్షరాలు చూశాక నవ్వు రాలేదు. మొదటి పేజీ చదివేటప్పటికి నా కళ్ళద్దాలు మసకబారాయి, సుబ్బలక్ష్మి మిగతాది చదివింది.

అమ్మాయికి ఇచ్చాం. వసారాలో బాబు పడుకుని ఉన్నాడు. వాణ్ణి ఒక చేత్తో ఊపుతూ చదివింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? "వరండా గడపకు లోపలుంటుందా, బయటుంటుందా నాన్నా?" అంది. వరండా ఎప్పుడైనా గడపకు బయటే ఉంటుంది కదమ్మా అన్నాను. తల ఊపింది. ఎందుకు అడిగిందో నాకు తెలియదు, మీకు ముందు ముందు తెలుస్తుందేమో.

రైలు టిక్కెట్లు తీసుకున్నాం. వల స్తంభాల మీంచి ఈ పొద్దున నేనే విప్పాను. ఉతికి ఆరేశాను. మీరు స్తంభాలు చేశారు, నేను వల తెస్తున్నాను. మీ ఇంట్లో ఉయ్యాల వేసే చోటు లేదని నేనన్న మాట మాత్రం వెనక్కు తీసుకుంటున్నాను. మా ఇంట్లో ఆ అలవాటు ఉంది.

గొలుసు చాలు. కానీ కాళ్ళను మరీ దగ్గరగా నిలబెట్టకండి, పక్కకు ఒరుగుతుంది. మరీ ఎడంగా పెడితే ఏమవుతుందో మీకు తెలిసిందే.

మీ
జోగారావు

*

చిక్కడపల్లి,
17 జూన్ 2012

బావగారికి నమస్కారాలు.

ఈ అక్షరాలు కుడి చేతివి. వాన పట్టినప్పుడు మణికట్టు కొంచెం లాగుతుంది, అంతకు మించి బాధ లేదు.

మీరు నవంబరులో వచ్చి వాళ్ళను దింపి పోయిన తర్వాత జరిగింది ఫోన్లో వింటూనే ఉన్నారు. అయినా ఒక సంగతి ఫోన్లో చెప్పేది కాదు, అందుకే ఇన్నాళ్ళకు మళ్ళీ రాస్తున్నాను.

సుహాసిని వరండా సంగతి ఎందుకు అడిగిందో నాకు మొదటి సాయంత్రమే తెలిసింది. నేను గేటు దగ్గర నిలబడి అభిజిత్‌కు ఏ నట్టు ఎక్కడో చెబుతుంటే, ఆమె లోపలి నుంచి పైపులన్నీ వరండాలోకి తెప్పించింది. "మావయ్యగారూ, రోజూ సాయంత్రం దీన్ని ఇక్కడ వేస్తాను. మీరు కుర్చీలో కూర్చుని ఊపండి. ఇది గడపకు బయటే కదా" అంది. అప్పటి నుంచి రోజూ అదే పద్ధతి. నేను పోయేసరికి స్టాండు వరండాలో ఉంటుంది. నేను ఇంటికి మళ్ళాక లోపలికి పోతుంది. చలికాలంలో నా భుజాల మీద శాలువా కప్పేది కానీ లోపలికి రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. నా మాట నాకంటే ఎక్కువగా కాపాడింది.

నిన్న సాయంత్రం బాబు వరండాలో నిద్రపోయాడు. అభిజిత్ ఇంకా రాలేదు. ఒక్కసారిగా వాన, గాలికి జల్లు నేరుగా ఉయ్యాల మీదికి కొట్టింది. స్టాండు విప్పే వ్యవధి లేదు, కాళ్ళు విచ్చుకుని ఉంటే తలుపులో పట్టదు. "మావయ్యగారూ, ఆ కొస విప్పండి" అంది సుహాసిని. నేనొక కొస విప్పాను, తానొక కొస విప్పింది. బాబును వలతో సహా ఎత్తుకుని ఇద్దరం లోపలికి పరుగెత్తాం.

లోపలికి వచ్చాక దించబోతే వాడికి గుండెలో గుర్రుమంది. నాలుగు రోజుల నుంచి కొంచెం ఆయాసంగానే ఉందట. కింద పడుకోబెట్టవద్దని సుహాసిని కళ్ళతోనే చెప్పింది. గోడకు మేకు లేదు, స్టాండు బయట తడుస్తోంది. దాంతో చెరో కొసా పట్టుకుని నిలబడ్డాం. వాడు మధ్యలో ఊగుతూ నిద్రపోయాడు. నా మణికట్టు సలుపుతోంది. నేను జారిపోకుండా ఒక కాలు గోడకు ఆనించుకున్నాను, అప్పుడే కిందికి చూశాను. నా కాళ్ళు ఆ ఇంటి గదిలో ఉన్నాయి.

సుహాసిని కూడా నా కాళ్ళ వైపు చూసింది. చూసి, తన వైపు కొస కొంచెం పైకెత్తింది. బరువు నా చేతి మీద నుంచి తగ్గింది. అభిజిత్ తడుచుకుంటూ వచ్చి తలుపులోనే ఆగిపోయాడు. "నాన్నా" అన్నాడు. "నిలబడి చూస్తవేంది, స్టాండు లోపలికి తే. చెయ్యి గుంజుతున్నది" అన్నాను.

ఇంతే సంగతి. చెల్లెమ్మకు నమస్కారాలు.

మీ
కిషన్ రావు

ఇక ఉత్తరాలు రాయకండి, ఫోన్ చేయండి. సాయంత్రం పూట అయితే అశోక్ నగర్ ఇంటికే చేయండి. లోపలే ఉంటాను.